పొయ్యి ఎత్తు

మార్చి 4, 2011

మాంసం పొగలో కాల్చి అమ్మే మా షాపులోని పొయ్యిని మ్యూజియానికి ఇస్తారా అని ఫోన్ వచ్చింది. కింద ఇనుప పొయ్యి, పైన గాజు పెట్టె, ఆ పైన పొగగొట్టం. షికాగో సౌత్ సైడ్ నల్లవాళ్ల పేటల చరిత్రలో దానికి చోటుండాలని అక్కడ పనిచేసే రెనీటా అనే అమ్మాయి చెప్పింది. సరేనన్నాను. నా భార్య వెర్లీన్ పోయి నాలుగు నెలలు. పొయ్యి అప్పటినుంచీ చల్లగానే ఉంది.

మార్చి 9, ఉదయం 5:10

మళ్లీ మెలకువ. ఈ వేళకు ఆమె హికరీ కట్టెలు అంటించేది. ఇంట్లో నిలవలేక షాపుకు నడిచాను. తాళం తీశాను. చూశాను. తాళం వేసి వచ్చేశాను.

మార్చి 15

పొయ్యి పక్కన పెట్టే ఫలకం మీది మాటలు రెనీటా పంపింది. మిసిసిపిలో తాత గొయ్యి తవ్వి కాల్చిన పంది పక్కటెముకలు, తండ్రి చేతిమీదుగా షికాగో చేరి, మనవడు కార్ల్‌టన్ టల్లీ చేతిలో, అంటే నా చేతిలో, పేరు తెచ్చుకున్నాయట. వెర్లీన్ పేరు లేదు.

ఆ వాక్యాలు ఎవరివో చదవగానే తెలిసింది. నావే. 1979లో మెనూ వెనక రాశాను.

మా తాత ఇన్సూరెన్స్ ఏజెంటు. నాన్న పోస్ట్‌మ్యాన్. నాకైతే గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు.

మార్చి 16

వెర్లీన్ పదహారేళ్లప్పుడు మిసిసిపి నుంచి రైల్లో వచ్చింది. గొయ్యి తవ్వింది ఆమె మేనత్త. చర్చి భోజనాలకూ, బానిసత్వం పోయినందుకు చేసుకునే జూన్ పంతొమ్మిది పండక్కీ పందిని కాల్చేది ఆవిడే. పేరు మాత్రం పక్కన నిలబడి కబుర్లు చెప్పే మగవాళ్లది.

ఇక్కడ మంచులో గొయ్యి తవ్వలేరు. అందుకే గాజు పెట్టె. కబేళా వాళ్లు పక్కటెముకలను చక్కగా కోసి పెద్ద హోటళ్లకు పంపేవారు. కొసన మిగిలిన ఎముక ముక్కలు ఎవరికీ అక్కర్లేదు. వెర్లీన్ వాటిని సంచుల్లో తెచ్చింది. నాలుగు గంటలు పొగలో ఉంచి, మంట లేచినప్పుడల్లా నీళ్లు చల్లి, కింద తెల్ల బ్రెడ్డు వేసి ఇచ్చింది. క్యూ వీధి చివరిదాకా ఉండేది.

నేను హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. సాయంత్రాలు కిటికీ దగ్గర ఆర్డర్లు తీసుకునేవాణ్ణి. జనం పొయ్యి వెనక ఒక మగవాణ్ణి, అతని వెనక ఇంకో ఇద్దరు మగవాళ్లను కోరుకుంటారనుకున్నాను. రాసింది ఆమెకు చూపించాను.

"పాపం మీ తాత, ఎంత పొగ మింగాడో," అంది. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్లు ఆ మెనూ కాగితం పరిచే పక్కటెముకలు ఇచ్చింది.

మార్చి 18

రెనీటాకు ఫోన్ చేశాను. రాసింది తప్పు, పొయ్యి నా భార్యది అన్నాను. ఆధారం ఉందా అని అడిగింది. మెనూలు, పత్రికలు అన్నీ ఒకటే చెబుతున్నాయి, అన్నీ మీ మాటే కదా సార్ అంది. మర్యాదగానే అంది. ముప్పై ఒక్క ఏళ్లు క్లాసులో పిల్లల్ని నేను అడిగిందీ అదే, ఆధారం ఉందా అని.

ఫలకం ఏప్రిల్ ఒకటిన అచ్చుకు వెళ్తుంది.

మార్చి 22

సొరుగులన్నీ వెతికాను. లైసెన్సు నా పేరున. ప్రతి ఫోటోలోనూ కిటికీ ముందు పట్టకారుతో నేను. తీసింది ఆమె.

మార్చి 24

ఏమీ లేదు. కూర్చోలేకపోతున్నాను.

మార్చి 29

రెనీటా ఫోటోగ్రాఫర్‌తో వచ్చింది. మాకు ముప్పై ఏళ్లు కట్టెలు వేసిన హోరేస్ కూడా వచ్చాడు, పొయ్యిని చివరిసారి చూడాలట. గాజు తలుపు తెరిచి, మాంసం తిప్పుతున్నట్టు నిలబడమన్నాడు ఫోటోగ్రాఫర్. పొగగొట్టం అంచు నుదుటికి కొట్టుకుంది. వంగితే నడుము పట్టేసింది. వెనక్కి జరిగితే చెయ్యి అందలేదు.

"ఏం ప్రొఫెసర్, ఇన్నేళ్లూ నిలబడ్డ చోటే కదా. ఆ తలకాయ ఎక్కడ దాచుకునేవాడివి?" అన్నాడు హోరేస్.

ఫోటోగ్రాఫర్ నవ్వాడు. రెనీటా నవ్వలేదు. టేపు తీసి కొలిచింది. నేను ఆరడుగుల మూడంగుళాలు. వెర్లీన్ అయిదడుగులకు అంగుళం తక్కువ. పొయ్యి కట్టిన వెల్డర్ ఆమెను నిలబెట్టి, మోచేతి దగ్గర గోడ మీద సుద్దతో గీత గీశాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"నేనెప్పుడూ ఇక్కడ నిలబడలేదమ్మా," అన్నాను.

ఆ మాట రాసి సంతకం చేసివ్వమంది. మ్యూజియంలో ఆ కాగితం, మెనూ పక్కపక్కనే ఉంటాయంది. నా పాత విద్యార్థులు చూస్తారేమో అన్నాను. చూడొచ్చు అంది.

మార్చి 31

నాలుగుసార్లు రాసి చించాను. నాలుగింటిలోనూ 'ఆ రోజుల్లో అందరూ అంతే' అన్న ముక్క ఉంది. అయిదోది ఆరు వాక్యాలు. పంపాను.

ఏప్రిల్ 12

పొయ్యి తీసుకెళ్లారు. ఆమె నిలబడ్డ చోట నేల పలకలు రెండు అరిగి ఉన్నాయి. వాటి మీద నిలబడబోయి, పక్కకు జరిగాను.

జూన్ 19

మ్యూజియం. ఒక పొడుగాటి ఆయన గాజు పెట్టెలోకి తొంగిచూడబోయి నుదురు కొట్టుకున్నాడు. ఇంత కిందకి ఎవరి కోసం కట్టారో అని విసుక్కున్నాడు.

చెప్పాను.