చెత్తబుట్టలో తొట్టెల పిలుపు

మౌలాలి, సికింద్రాబాద్,
15 నవంబర్ 2010, సోమవారం.

ప్రియమిత్రుడు సదాశివకు,

జ్ఞానశేఖర్ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. అక్కడ నువ్వు, చెల్లెమ్మ, పదిహేను రోజుల మీ పాప సుఖంగా ఉన్నారని నమ్ముతూ రాస్తున్నాను.

ఈ నాలుగు ముక్కలకే మూడు కాగితాలు పోయాయిరా. రోజంతా కీబోర్డు మీద టపటపలాడించే చేతికి పెన్ను ఇస్తే అక్షరాలన్నీ వంకర్లు పోతున్నాయి. తప్పు రాసినప్పుడల్లా ఎడమచేతి చిటికెనవేలు దానంతటదే కంట్రోల్ కీ కోసం బల్ల మీద వెతుకుతోంది. అమ్మ చూసి, ఏంట్రా బల్లని అట్టా గోకుతున్నావు, నల్లులు గానీ ఉన్నాయా అని అడిగింది. మెయిలు కొట్టకుండా ఈ పాట్లెందుకంటావా, చెప్తాను. ముందు పులిహోర సంగతి తేల్చుకుందాం.

కిందటేడు సెప్టెంబర్‌లో మన బ్లాగులో నువ్వో టిప్పు రాశావు. ఫోను నీళ్ళలో పడితే వెంటనే ఆపేసి, బ్యాటరీ తీసి, రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టమన్నావు. దాని కింద అందరూ చూసేలా నేనొక కామెంటు పెట్టాను: బియ్యం ఒక్కటే చాలదు, కాస్త చింతపండు కూడా వేస్తే పులిహోర అవుతుంది అని. జనం పడీపడీ నవ్వారు. మన ఆఫీసులో వారం రోజులు నిన్ను పులిహోర సార్ అన్నారు. తీసెయ్‌రా శేఖర్, జెర సోచాయించు, నా ఇజ్జత్ పోతున్నది అని నువ్వు అడిగావు. ఇంత చిన్నదానికి ఏడుస్తావేంట్రా అన్నాను నేను. నాలుగేళ్ళు పక్కపక్క సీట్లలో కూర్చుని, ఒకే డబ్బాలో తిని, ఇద్దరం కలిసి బ్లాగు నడిపినవాళ్ళం, ఆ సాయంత్రం నుంచి మాట్లాడుకోలేదు. నెల తిరక్కుండా నువ్వు బెంగళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయావు.

ఇప్పుడు నా శాస్తి విను. మొన్న మార్చిలో అమ్మ ఫోను నీళ్ళ డ్రమ్ములో పడింది. నేను ఇంట్లో లేను. అమ్మ ఎవర్నీ అడక్కుండా దాన్ని తుడిచి, బ్యాటరీ ఊడదీసి, సోనామసూరి డబ్బాలో పాతిపెట్టింది. మూడో రోజు ఆ ఫోను మోగింది! బియ్యం మహిమో, ఊరికే ఆరినందువల్లో నాకు ఈ రోజుకీ తెలియదు. మోగిందన్న మాట మాత్రం నిజం. అమ్మ ఆ బియ్యమే వండి కంచంలో పెట్టి, తినరా, సదాశివ చెప్పిన బియ్యం అంది. నోరు మూసుకుని తిన్నాను. ఆ రాత్రికే కామెంటు తీసేసి, ఆ చోటనే నీకు క్షమాపణ రాశాను. నువ్వెప్పుడో ఒకప్పుడు చూస్తావని రోజూ ఆ పేజీ తెరిచేవాణ్ణి. మన పాఠకులంతా చూశారు, నువ్వు తప్ప.

నీ పాత నంబరుకు చేస్తే ఎప్పుడూ స్విచాఫే. రాష్ట్రం మారాడు, నంబరు మారుతుంది, కొత్తది మెయిల్లో పంపుతాడులే అనుకున్నాను. రాలేదు. డిసెంబర్‌లో నీ పెళ్ళని ఆఫీసులో అనుకుంటుంటే నా చెవిన పడింది. నన్ను పిలవలేదే అనుకున్నాను. ఆ రోజు సెలవు పెట్టి, నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటర్‌ని కూర్చోబెట్టి ఫార్మాట్ చేశాను. అది తొంభై శాతం దగ్గర ఉండగా నాకు ఏడుపు వచ్చేసింది. అమ్మ వచ్చి అదేమన్నా చెడిపోయిందా అంటే, అవునన్నాను.

తర్వాత ఓ ఆదివారం నోట్‌ప్యాడ్ తెరిచి నీకు పదకొండు పేజీల తిట్లు రాశాను, అచ్చ తెలుగులో. సేవ్ చేస్తుంటే అది ఏదో హెచ్చరిక చూపించింది. చదివే ఓపిక ఎవడికుంది, ఓకే కొట్టాను. మర్నాడు తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, పదకొండు పేజీల నిండా ప్రశ్నార్థకాలే! సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ అన్న చోట యూనికోడ్ పెట్టకపోతే నోట్‌ప్యాడ్‌లో తెలుగు బతకదట. ఎనిమిదేళ్ళ సర్వీసున్న డెవలపర్‌ని, అప్పుడు తెలుసుకున్నాను. మళ్ళీ రాద్దామంటే అంత కోపం మిగల్లేదు. దాన్నే బ్లాగులో టిప్పుగా రాశాను, ఏం రాయబోయి పోగొట్టుకున్నానో మాత్రం చెప్పలేదు.

అట్లా కొత్తది ఏది తెలిసినా ముందు నీకే చెప్పాలనిపించేది. పొరపాటున మూసేసిన ట్యాబు కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కితే తిరిగొస్తుందని తెలిసిన రోజు, ఒరేయ్ సదా అంటూ పక్కకు తిరిగాను. నీ సీట్లో ఇప్పుడు కొత్తగా చేరిన దేవకృప కూర్చుంటోంది. ఆ అమ్మాయి బెదిరిపోయి, సార్, సదా ఎవరు అని అడిగింది. నా గురువు అని చెప్పాను. నిజానికి నేనే నీకు గురువుననుకో, ఆ అమ్మాయి ముందు పోనీలే అని నీకు పదోన్నతి ఇచ్చాను.

ఇక అసలు కథ. బోయిన్‌పల్లి మార్కెట్లో పర్వతాలు అని ఓ కూరగాయల కమీషన్ ఏజెంటు ఉన్నాడు. మన బ్లాగు చదివి, చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసే మనిషి. మొన్న శనివారం ఫోన్ చేసి, అన్నా, హోటలోళ్ళ ఆర్డర్లు పది దినాల సంది మెయిల్ల వస్తలేవు, వాళ్ళేమో పంపినం అంటున్నరు, మస్తు పరేషాన్ల ఉన్న, జెర వచ్చి సూడు అన్నాడు. వెళ్ళాను. టమాటా పెట్టెల మధ్యన బల్ల, బల్ల మీద కంప్యూటర్, దాని మీద దుమ్ము పడకుండా అరటాకు.

చూద్దును కదా, తప్పు నాదే. ఫలానా మాట ఉన్న మెయిళ్ళు కంటికి కనిపించకుండా నేరుగా చెత్తబుట్టలోకి పోయేట్టు ఫిల్టర్ ఎలా పెట్టాలో నేనొక టిప్పు రాశాను. టమాటా విత్తనాల ప్రకటనలు విసిగిస్తున్నాయని పర్వతాలు ఏం చేశాడంటే, టమాటా అన్న మాట ఎక్కడున్నా చెత్తబుట్టలో వెయ్యమని పెట్టేశాడు. ఆయన అమ్మేదే టమాటా! హోటళ్ళవాళ్ళు పాపం టమాటా పంపు మహాప్రభో అని రాసినవన్నీ అందులోనే పడి ఉన్నాయి. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుడు తర్వాత, ముందు ఈ లొల్లి తెంపు అన్నాడు. ఆ ఫిల్టర్ తీసేస్తే సరి అని నేను మౌస్ పట్టుకోబోతే గబుక్కున నా చెయ్యి ఆపాడు. ముందుగాల నీదాంట్ల చేసి చూపియ్యన్నా, నాది ఖరాబైతే హోటలోళ్ళకు ఏం జెప్పాలె అన్నాడు.

సరేనని నా మెయిలు తెరిచి, ఫిల్టర్ల పేజీకి వెళ్ళాను. అక్కడ ఒకే ఒక్క వరస ఉందిరా. నీ అడ్రసు. దాని పక్కన, చెత్తబుట్టలో వెయ్యి అని.

పర్వతాలు నా భుజం మీద నుంచి వంగి చూసి, ఇదేందన్నా, నాకు టమాటా మీద కోపం, నీకు ఈ మనిషి మీదనా అన్నాడు. ఎలా వచ్చిందంటావా? ఆ టిప్పు రాసేటప్పుడు అందులో చూపించే స్క్రీన్ బొమ్మల కోసం ఉదాహరణగా నీ అడ్రసు పెట్టి, తీసెయ్యడం మరిచిపోయాను. ఊరందరికీ శ్రీరంగనీతులు చెప్పినవాణ్ణి, నా మెయిలు నేను చూసుకోలేదు. నువ్వు రాసినవన్నీ నేరుగా చెత్తలోకి పోయాయి. నేను పలకడం లేదని నువ్వు, నువ్వు రాయడం లేదని నేను!

చెత్తబుట్టలో ముప్పై రోజులకు మించి ఏదీ ఉండదని నీకు తెలుసు కదా. వెంటనే తెరిచాను. ఒకటి ఉంది. నీదే, నవంబర్ రెండో తారీఖుది. అది ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. బిడ్డ పుట్టిందిరా శేఖర్ అని మొదలుపెట్టావు. కొత్త నంబరు పంపితే ఫోన్ చెయ్యలే, లగ్గానికి పిలిస్తే రాలే, సరే. ఇరవై ఒకటో తారీఖు ఆదివారం పదింటికి కాప్రాల మా మామగారింట్ల తొట్టెల, బిడ్డకు పేరు పెడుతున్నం. గప్పుడన్న రా. ఇదే ఆఖరిది, మళ్ళ రాయను, గిప్పుడు సుత రాకపోతే నాకు దోస్తు లేడనుకుంట అని ముగించావు. కింద ఇంటి అడ్రసు, నీ కొత్త నంబరు.

లేచి పర్వతాలుని గట్టిగా వాటేసుకున్నాను. హమాలీలంతా ఆగి చూశారు. పిలిచాడయ్యా, పెళ్ళికీ పిలిచాడు, తొట్టెలకూ పిలిచాడు అని అరుస్తుంటే, పర్వతాలుకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయనా గంతేశాడు. మరి నా టమాటా సంగతేందన్నా అని తర్వాత మెల్లగా అడిగాడు. ఆయన ఫిల్టర్ తీసేసి, నాదీ తీసేసి, ఆయనిచ్చిన టమాటాల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాను. దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాను. ఆటోవాడు మధ్యమధ్య అద్దంలో నన్ను చూసుకుంటూ నడిపాడు.

అమ్మ సంగతి చెప్పాలా? ముందు కళ్ళొత్తుకుంది, వెంటనే ఏడాదిపైన ఒక్క ఫోన్ చెయ్యలేదేం వాడు అని నిన్ను తిట్టింది, నువ్వు మాత్రం వెతుక్కోలేదేం అని నన్ను తిట్టింది, ఆ తర్వాత చెప్పులేసుకుని జనరల్ బజార్‌కి వెళ్ళిపోయింది. అయిదు గౌన్లు తెచ్చింది. అందులో ఒకటి పాపకు మూడో ఏడు వచ్చాకే పడుతుంది.

ఇంత సంతోషం పెట్టుకుని ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నిన్నటి నుంచి నీ నంబరు మూడుసార్లు నొక్కి, ఆఖరి అంకె దగ్గర ఆగిపోయాను. మెయిలు పంపుదామంటే, విసిగిపోయి నువ్వూ నా అడ్రసుకు అదే ఫిల్టర్ పెట్టి ఉంటావేమోనని అనుమానం. పోస్ట్‌మ్యాన్‌కి ఫిల్టర్ పెట్టలేవు కదా. మౌలాలి నుంచి కాప్రాకు ఆటోలో ఇరవై నిమిషాలు, ఉత్తరానికి మూడు రోజులు. అది అందాక నువ్వు కోప్పడి చల్లబడటానికి ఆదివారం దాకా ఇంకో మూడు రోజులు ఉంటాయి.

చెత్తబుట్టలో కాలం తీరి పోయినవి మాత్రం ఇక నాకు దొరకవు. పెళ్ళికి నన్ను ఏమని పిలిచావో, పలకనప్పుడు ఎంతలేసి మాటలన్నావో నాకు చదవాలని ఉంది. నీ సెంట్ మెయిల్లో ఉంటాయి, దయచేసి అన్నీ ప్రింటు తీసి ఉంచు. ఒక్కొక్కదానికీ ఎదురుగా కూర్చుని జవాబు చెప్తాను. బ్లాగు కూడా నీ కోసం చూస్తోంది. పేజీ పైన ఇప్పటికీ మనిద్దరి పేర్లే ఉన్నాయి.

ఆదివారం పొద్దున చర్చిలో ఆరున్నర ఆరాధనకు వెళ్ళి, అటునుంచి అటే పదింటికల్లా నేనూ అమ్మా మీ గుమ్మంలో ఉంటాం. చెల్లెమ్మకు నా ఆశీస్సులు, మీ అత్తమామలకు నమస్కారాలు. పాపకు ముద్దులు.

నాలుగేళ్ళు నీ డబ్బాలో సగం తిన్నవాడు,
జ్ఞానశేఖర్

తా.క. రాసింది అమ్మకు చదివి వినిపించాను. అన్నిచోట్లా నవ్వింది, ఒక్కచోట నవ్వలేదు. ఆ ఫిల్టర్ బొమ్మలు నా మెయిల్లో కదరా తీశావు, మా స్త్రీల సమాజం వాళ్ళ పేరు పెట్టి చూపించావు, అందులోకి సదాశివ పేరెట్టా వచ్చింది అని అడిగింది.

నిజం ఇది. మనం పోట్లాడుకున్న సాయంత్రమే, ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చుకోకుండా, నీ అడ్రసు నేనే కావాలని ఒక్కొక్క అక్షరం కొట్టి ఆ ఫిల్టర్ పెట్టాను. రెండు రోజులు వీడి మొహం చూడొద్దు, తర్వాత తీసేద్దాం అనుకున్నాను. మూడో రోజు కొత్త ప్రాజెక్టు నెత్తిన పడింది, మరిచిపోయాను. నేనే గడియ పెట్టుకుని, నువ్వు తలుపు తట్టలేదని పద్నాలుగు నెలలు నిన్ను ఆడిపోసుకున్నాను. శనివారం ఆ వరస చూడగానే అంతా గుర్తొచ్చింది. నీతో చెప్పడానికి భయమేసి, ఉదాహరణ అని అబద్ధం రాశాను. తప్పయిపోయిందిరా సదా, క్షమించు.

ఇది చింపి మళ్ళీ రాస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. రెండూ పంపు, నీ అబద్ధం కూడా వాణ్ణి చూడనీ అంది. ఆదివారం ఎలాగూ వస్తాను. లోపలికి రమ్మంటే తొట్టెల ఊపుతాను. రావద్దనిపిస్తే అమ్మనొక్కదాన్నే పిలువు, నేను గేటు బయట నిలబడతాను. పాపకు ఏం పేరు పెడుతున్నారో నువ్వు రాయలేదు. పేరు పెట్టేటప్పుడు, బయటికి వినపడేట్టు కాస్త గట్టిగా పిలవమని చెప్పు.