ఎర్ర ఫైరింజన్‌కు పసుపు

సెప్టెంబర్ 6
సెలవు రోజు. మధ్యాహ్నమంతా ఫైర్ స్టేషన్ వెనక షెడ్డులోనే. పాత ఇంజన్ కింద పడుకుని చూస్తున్నా. పెట్రోలు ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కింద! మంట ఆర్పడానికి పెట్రోలు మీద కూర్చుని వెళ్ళేవాళ్ళన్నమాట. ఎవడికి తట్టిందో ఆ ఆలోచన...
సురేశ్ వచ్చాడు. "ప్యాక్‌హౌస్‌ల కివీపండ్లు ఏరింది చాలలేదా? ఆ డొక్కు బండి కిందికి ఎందుకు దూరినవ్?" వెక్కిరింపు మొగుడే గానీ, చేతిలో టిఫిన్ బాక్స్ ఉంది.

సెప్టెంబర్ 9
మా ఫైర్ బ్రిగేడ్‌కు చోటు చాలక కొత్త స్టేషన్ కడుతున్నారు. షెడ్డులోని పాత బండి ఈ ఊరు కొనుక్కున్న మొదటి పెట్రోలు ఇంజనే అని తేలితే దానికి అక్కడ అద్దాల గది. తేలకపోతే దక్షిణాన పాత బండ్లు పోగుచేసే ఒకాయనకు ఇచ్చేస్తారట. అక్టోబర్ 5న ఊరి మీటింగ్. ఆలోపు తేల్చే పని నాకు అప్పజెప్పారు. వలంటీర్లలో పాతవి తవ్వే పిచ్చి నాకే కదా.
బ్రిగేడ్‌లో పాతకాపు రాన్ అంకుల్ ప్రాణమంతా దాని మీదే. ఎనభై దాటినా రోజూ వచ్చి తుడుస్తాడు. "దీన్ని ఊళ్ళోకి నడుపుకొచ్చింది మా నాన్నే"... ఎప్పుడూ అదే మాట. దేశం కాని దేశంలో, ఈ ఊళ్ళో నన్ను మొదట పేరు పెట్టి పిలిచిందీ, బ్రిగేడ్‌లో చేర్చిందీ ఆయనే. ఆయన మాట నిజమవ్వాలి. అంతే.

సెప్టెంబర్ 17
దగ్గరి పట్నం టౌరంగాలో లైబ్రరీ. పాత పేపర్లు. నది అవతలి ఊరికి మోటారు ఇంజన్ వచ్చిందని వార్త. గుర్రాలు ఆగిపోయే గుట్టను ఒక్క ఊపున ఎక్కిందట, పిల్లలంతా వెంట పరిగెత్తారట! చదువుతుంటే నేనూ పరిగెత్తా.
మన ఊరి ఇంజన్ గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదు?

సెప్టెంబర్ 18
అంకుల్‌కి చెప్పలేదు.

అక్టోబర్ 2
దసరా. మా కారుకు పూజయ్యాక, మిగిలిన పసుపు కుంకుమ పట్టుకుని షెడ్డుకి. అంత చాకిరీ చేసిన బండికి ఆయుధ పూజ లేకపోతే ఎలా? చక్రాల కింద నిమ్మకాయలు. బానెట్ పక్కన తెల్ల పట్టీ మీద తడి పసుపు, బొట్లు. అంకుల్ టోపీ తీసి నిలబడ్డాడు. "మంటల్లోకి వెళ్ళేముందు మాకూ ఇలాంటిదొకటి ఉండాల్సింది."
కడుపు నిండిపోయింది.

అక్టోబర్ 3
కొంప మునిగింది. తెల్ల పట్టీ నిండా పసుపు మరక. సబ్బు పెట్టి రుద్దితే ఎర్రబడి కూర్చుంది! పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునేదాన్ని, సబ్బు తగిలితే ఇలా అవుతుందని తట్టొద్దూ? కంగారులో ఇంకా గట్టిగా రుద్దా. పెయింటు పెచ్చులుగా లేచింది. కింద బంగారు రంగు అక్షరాలు...
నది అవతలి ఊరి పేరు.
సురేశ్‌కి ఫోన్. "మల్ల తెల్ల పెయింట్ కొట్టెయ్. ఎవరు చూసిన్రు?"
ఎవరూ చూడలేదు. పెయింటు డబ్బా అరలోనే ఉంది. కానీ వాళ్ళ ఇంజన్ ఇక్కడికెలా వచ్చింది? అమ్మారా, ఇచ్చారా, మనవాళ్ళే తెచ్చేసుకున్నారా? ఆ ప్రశ్న నన్ను పెయింటు కొట్టనివ్వడం లేదు.

అక్టోబర్ 4
నాకన్నా ముందే అంకుల్ అక్కడున్నాడు. చూసేశాడు.
"ఈ పట్టీ మాత్రం నాన్న నన్ను రుద్దనిచ్చేవాడు కాదు. పెయింటు పోతుందనేవాడు."
సారీ అంకుల్, అన్నా. ఏడుపొచ్చింది. ఆయన తన గుడ్డ నా చేతిలో పెట్టాడు. "సగం పేరే కనిపిస్తోంది. మిగతాదీ తుడువు. రేపు మీటింగ్‌లో జనం చదవాలి కదా."
తుడుస్తున్నా. ఆయన మెల్లగా డ్రైవరు సీటెక్కి కూర్చున్నాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ. తర్వాత, నాతోనో వాళ్ళ నాన్నతోనో —
"నడుపుకొచ్చాడన్నది నిజమే. ఎక్కణ్ణుంచి అని నేనెప్పుడూ అడగలేదు."