వసారా గూట్లో గ్లాసు

ఐరాల, మంగళవారం

మా ఊరి బడిలో పాఠాలు చెప్పడానికి జర్మనీ నుంచి వచ్చిన మరియా మా ఇంట్లోనే ఉంటోంది. ఏ కులమో, ఏం తింటుందో అని నా భయం. మొదటి రోజు నుంచీ వసారా గూట్లో గ్లాసులోనే ఆమెకు నీళ్లు పోస్తున్నాను. ఈరోజు మరియా దాన్ని బడిపిల్ల సరితకు చూపించి, వచ్చీరాని తెలుగులో "అవ్వ నాకు మాత్రమే ఇచ్చింది. ప్రేమ!" అని మురిసిపోయింది.

సరిత నావైపు చూసి నవ్వింది. "మా నాయన నీ చేన్లో పనికొచ్చినా దాంట్లోనే పోస్తావంట గదా అవ్వా?"

ఏమంటోందని మరియా నన్నడిగింది.

"నీళ్లడగతా ఉండాదిమ్మా" అన్నాను.

వంటింట్లోకి పోయాను. ఏ గ్లాసు తీయాలో తోచలేదు. బయటికి వచ్చేసరికి సరిత వెళ్లిపోయింది.

మరియాకు ఎవరైనా చెప్పేస్తారేమో. ఎవరూ చెప్పకపోతే, ప్రేమ అనుకునే తన దేశం వెళ్లిపోతుంది. నాకు అదే ఇంకా భయం.