వేరు చూసి నమ్మాను

ఒలింపియా (అమెరికా),
అక్టోబరు 30, 1983.

ప్రియమైన మీకు,

మీ వసంతకుమారి వందనాలు. ప్రభువు కృపవల్ల నేను క్షేమంగానే ఉన్నాను. ఈసారి ఈ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. అక్కడ మీరూ, వదినగారి ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను. ఆవిడ మోకాళ్ళకి నేను పంపిన మందు రాసుకుంటున్నారా, లేక పక్కింటివాళ్ళకి చూపించి బీరువాలో దాచుకుంటున్నారా?

మీ ఉత్తరం అందింది, జవాబే ఆలస్యమైంది. హెడ్మాస్టరు పదవి వస్తున్నందుకు సంతోషం. బాపట్ల పిల్లలకి ఇంకో మూడేళ్ళు మీ బెత్తం తప్పదన్నమాట! ఇక్కడికి రావడానికి మీ వీసా చేతికొచ్చాక కూడా "నీకక్కడ నళినీ వాళ్ళూ అందరూ ఉన్నారు కదా, నేను రిటైరయ్యాక వస్తే ఏం?" అని అడిగారు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ఆదివారాలు ఏం వండుతున్నావని కూడా అడిగారు. అది ముందు చెబుతాను.

కిందటి నెల తొలి వానలు పడ్డాక, చర్చి నుంచి వచ్చి ఇంటివెనక అడవిలోకి నడిచాను. ఇక్కడివన్నీ సూదుల్లాంటి ఆకుల చెట్లే, ఎంత దూరం పోయినా ఒక్క మనిషి కనపడడు. ఆ చెట్ల కింద తెల్లగా పుట్టగొడుగులు! నాకు ప్రాణం లేచొచ్చింది. మనవైపు పుట్టమీద లేచేవాటికి పొడుగ్గా వేరు దిగి ఉంటుంది కదా, అది చూసేగా మా అమ్మ మంచివని తేల్చేది. మట్టి తవ్వి చూశాను. వీటికీ వేరుంది. ఇంకేం కావాలి? ఇంటికి తెచ్చి, అమ్మ చేసినట్టే నాలుగు బియ్యపు గింజలు వేసి ఉడికించాను. గింజల రంగు మారలేదు, అంటే విషం లేదని లెక్క. అల్లం, వెల్లుల్లి, ధనియాలపొడి దట్టించి కూర చేసుకుని తిన్నాను. నిజం చెప్పాలంటే రుచిగానే ఉంది.

సాయంత్రానికి కడుపులో తిప్పడం మొదలైంది, తర్వాత వాంతులు. నర్సుని కాబట్టి బుద్ధి అప్పటికైనా పనిచేసింది. వండకుండా మిగిలిన ఒకదాన్ని కాగితం సంచిలో వేసుకుని, మా హాస్పిటల్‌కే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. డాక్టర్ పుట్టగొడుగుల సంగతి తెలిసిన ఒక ప్రొఫెసర్‌ని పిలిపించాడు. ఆయన దాన్ని ముట్టుకుని తన వేళ్ళు చూపించాడు, పిండి అంటినట్టు తెల్లటి పొడి. గొడుగు మీదా కాడ మీదా దూది చిరిగినట్టు పొలుసులు. "ఇది అమనీటా, విషం. నువ్వు వేరనుకున్నది వేరు కాదు, కాడ అడుగే" అన్నాడు. ఉడికించి చూసే పరీక్షలన్నీ వట్టివేనట, వదినగారికి తప్పకుండా చెప్పండి. మనదైతే కింద చెదలపుట్ట ఉండాలి. ఆ అడవిలో పుట్టే లేదు. పుట్ట లేని పుట్టగొడుగేమిటే అని అడగడానికి పక్కన ఎవరూ లేరు, నాకా తట్టలేదు.

కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొన్నాళ్ళు రక్తం శుద్ధిచేసే మిషన్ మీద పెట్టారు. ఇప్పుడు కోలుకున్నాయి, డ్యూటీకి కూడా వెళ్తున్నాను. కంగారు పడకండి.

ఇక అసలు సంగతి. నన్ను మంచమ్మీద పడుకోబెట్టగానే డాక్టర్ అడిగింది ఒకటే: "ఇంకెవరెవరు తిన్నారు? అందర్నీ వెంటనే రప్పించు."

"ఎవరూ లేరు" అన్నాను.

"ఆదివారాలు మీ ఇంట్లో అంతా కలిసి భోంచేస్తారన్నావుగా?" అన్నాడు, డ్యూటీలో ఎప్పుడో నేను చెప్పింది గుర్తుపెట్టుకుని.

ఈ ఊళ్ళో మనవాళ్ళంటూ ఉన్న నళినీ, వాళ్ళాయన రామమోహన్ గారూ కిందటేడే ఈ దేశం అటు చివరనున్న పిస్కాటవే వెళ్ళిపోయారండీ. వాళ్ళు వెళ్ళాక నా బల్లమీద రెండో కంచం పెట్టలేదు. మీకు రాసే ప్రతి ఉత్తరంలోనూ మాత్రం వాళ్ళకి వడ్డిస్తూనే ఉన్నాను. మీరు బెంగపడతారని మొదలుపెట్టాను. తర్వాత్తర్వాత రాస్తున్నంతసేపైనా ఇంట్లో మనుషులున్నట్టు ఉండేది.

అప్పుడు డాక్టర్ ఊపిరి పీల్చుకుని, "అదృష్టవంతురాలివి, ఒక్కదానివే తిన్నావు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

మూడేళ్ళు ఆగనా అని కదా అడిగారు. ఆగొద్దు. ఆ హెడ్మాస్టరు కుర్చీ కోసం మీరెన్నాళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను, వదిలేసి రండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న మీ భార్య,
వసంత