తలమీద తడి టవల్

ఆదివారం, టూంగాబీ

దేవుణ్ణి నమ్మడం మానేశానని అమ్మకి ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే తెనాలి నుంచి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాను.

"ప్రార్థన చేద్దాం తల్లీ, కళ్ళు మూసుకో."

మూసుకోలేదు. పంతంగా క్లిప్పులు పెడుతూనే ఉన్నాను. చివర్లో ఆమెన్ కూడా అనలేదు.

"ఆమెన్ అనవేమే?"

"సిగ్నల్ సరిగ్గా లేదమ్మా."

ఫోన్ పెట్టేసి, గెలిచినట్టే లోపలికొచ్చాను. మా ఆయన నన్ను చూసి నవ్వాడు.

"తలమీద ఆ తడి టవలేంటి? ఎండకా?"

ఎప్పుడు కప్పుకున్నానో తెలియదు. చిన్నప్పుడు ప్రార్థన అనగానే చున్నీ తలమీదికి లాక్కునేదాన్ని, నిజమే. కానీ ఇవాళ్టిది వీడియో కాల్ కూడా కాదు. అమ్మకి నేను కనపడను.

మరి ఎవరు చూస్తున్నారని కప్పుకున్నాను?