నల్ల అంచు కాగితం

అక్టోబరు 9, ప్లోవ్‌డివ్

బస్సు దిగగానే మా ఆయన నడక మారిపోయింది. మా రూసెలో మూలుగుతూ మెట్లెక్కే మనిషి ఇక్కడి రాళ్ళ వీధుల్లో కుర్రాడిలా ఎగబాకుతున్నాడు. ఇదే బేకరీ, ఇదే మంగలి షాపు, ఇక్కడే నా సైకిలు ఎత్తుకుపోయారు అంటాడు. వెనక నేనొకదాన్ని ఉన్నానని గుర్తు చేద్దామని కాఫీలో చక్కెరకి బదులు ఉప్పు కలిపిచ్చాను. మామూలుగా అయితే, ఒసేయ్ జివ్కా, నీ చేతులు పడిపోనూ, అని హోటలంతా వినపడేలా నవ్వేవాడు. ఈసారి చివరి చుక్కదాకా తాగేశాడు. తేడా తెలిసినట్టే లేదు.

అక్టోబరు 10

కారణం దొరికింది.

మొదటి పెళ్ళాం నెవెనాతో కాపరం చేసిన ఇల్లు చూపిస్తానని తీసుకెళ్ళాడు. తలుపు మీద నల్ల అంచు కాగితం. నెవెనా ఫోటో. పోయి ఏడాదైందట. మా దేశంలో చచ్చినా తీరిక ఉండదు. నలభయ్యో రోజున ఓసారి, ఆ తర్వాత ఏడాదికోసారి గోడలకీ చెట్లకీ అంటించి ఊరికి మళ్ళీ మళ్ళీ చెబుతారు. అది కొత్త కాదు. కింద ఏడ్చేవాళ్ళ పేర్లున్నాయి. తల్లి, చెల్లెలు సేవ్దా. వాళ్ళకంటే పైన, భర్త ల్యూబెన్. మా ఆయనే.

ఎప్పుడో విడాకులైపోయాయి. ఆ తర్వాతే నన్ను కట్టుకున్నాడు. ఆవిడ పోయిన సంగతి ఈ ఏడాదంతా నాకు చెప్పనేలేదు.

సాయంత్రం

సేవ్దా వచ్చింది. బావా, వచ్చావా, అని మెడ పట్టుకుని ఏడ్చింది. అల్లుడి పేరు లేకుండా నా బిడ్డ కాగితం గోడెక్కదని అమ్మ మొండికేసింది బావా, తప్పయితే చెప్పు, ఇప్పుడే చించేస్తా, అంది. ఉండనీలే అన్నాడు. అప్పుడు నన్ను చూసి, ఈవిడెవరు బావా, అంది.

నాతో వచ్చింది, అన్నాడు.

సూట్‌కేసు కూడా ఆయనతో వచ్చిందే.

అక్టోబరు 11

పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్ళాను. తలుపు, చెట్టు, బస్టాపు. కనిపించినవన్నీ పీకాను. ఫోటోకి మీసాలు గీద్దామని పెన్ను తీశాను. ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయి, కెమెరా వెనక ఎవరో కోతిచేష్టలు చేసినట్టు. ఆ కోతి ఎవరో నాకు తెలుసు. మా పెళ్ళి ఫోటోలో నేనూ అచ్చం అలాగే నవ్వాను.

మీసాలు గీయలేదు. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

అక్టోబరు 12

వెళ్ళేముందు ఒక కాగితం దాచుకుందామని ఇతను వీధివీధీ తిరిగాడు. తలుపు ఖాళీ. చెట్టు ఖాళీ. వానకి ఊడిపోయుంటాయి అన్నాను. వానెక్కడ పడిందే, అని ఆకాశంలోకి చూశాడు, పిచ్చివాడిలా. ఇంత బాగా కుదిరిన ఆకతాయి పని నా జన్మలో చెయ్యలేదు. నవ్వు మాత్రం రాలేదు. బస్సులో దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్యా ఆ బ్యాగు.

అక్టోబరు 14, రూసె

బ్యాగులో కాగితాల్లోంచి ఒకటి తీసి మా తలుపుకి అంటించాను. పేర్లేవీ కొట్టెయ్యలేదు. ఎదురింటి ముసలామె, ఎవరు పోయారే అమ్మాయ్, అంది. మా ఆయన భార్య అన్నాను. మరి నువ్వెవరివే అంది. ఆయనతో వచ్చాను అన్నాను.

పోయినవాళ్ళ పేర పంచడానికి గోధుమలు ఉడికించాను. చక్కెరే వేశాను.

ల్యూబెన్ టోపీ తీసి ఆ కాగితం ముందు ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. గడియ వెయ్యలేదు నేను.