ఎండిపోవలసిన పాలు

ఎల్లారెడ్డి,
ఆదివారం.

మా ఆయనకు ప్రభువు నామంలో ఎస్తేర్ వందనాలు.

ఇక్కడ అత్తమ్మ, పాప, నేను దేవుడి దయవల్ల క్షేమంగానే ఉన్నాం. మీరు అక్కడ ఎండలో జాగ్రత్త. ఫోన్‌లో చెబుదామంటే అత్తమ్మ పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటుంది. అందుకే, సెలవు అయిపోయి దుబాయి తిరిగి వస్తున్న సంతోష్ అన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదివి చింపెయ్యండి.

పాపది ఎవరి పోలిక అని అడిగారు కదా? అచ్చం వాళ్లమ్మే, మీ చెల్లెలు కృపారాణే. అదే ముక్కు, అదే మొండితనం. కాన్పులోనే తల్లిని పోగొట్టుకున్న బిడ్డ, ఏడిస్తే అత్తమ్మ కూడా ఏడుస్తుంది.

నా తలనొప్పి సంగతి అడిగారు. తగ్గలేదు. పక్కలకు చూపు కూడా ఆనడం లేదు. మొన్న గాంధారి చౌరస్తాలో పక్క నుంచి వచ్చిన ఆటో కనిపించనే లేదు. "కండ్లు నెత్తిమీద పెట్టుకొని నడుస్తున్నవా?" అని డ్రైవర్ తిట్టాడు.

పిల్లల్లేని నాకు పాలు వచ్చాయని అత్తమ్మ మీకు ఎంత సంబరంగా చెప్పిందో! కృపారాణిని సమాధి చేసిన వారం నా రవిక తడవడం చూసి పాపను నా ఒడిలో పెట్టింది. పాప తాగింది. "దేవుడు నా బిడ్డను తీస్కపోయి నీకు పాలు ఇచ్చిండు" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పించారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ నమ్మానండీ. గొడ్రాలన్న నోళ్లే నన్ను ధన్యురాలివంటే ఎవరు నమ్మరు?

అది అద్భుతం కాదు, రోగం. కామారెడ్డి డాక్టరమ్మ రక్తపరీక్ష, తలకు స్కానింగ్ చేయించింది. మెదడు కింద ఉండే చిన్న గ్రంథిలో గడ్డ పెరిగిందట. పాలు రప్పించే హార్మోన్ దానివల్లే ఎక్కువైందట. నాకు నెలసరి ఆగిపోయిందీ, మనకు పిల్లలు కానిదీ దానివల్లే కావచ్చట. "గడ్డ కంటి నరాన్ని ఒత్తుతుందమ్మా. గోలీలు వేసుకుంటే గడ్డ చిన్నగైతది, పాలు ఆగుతయి. ఆలస్యం చేస్తే చూపు పోతది" అంది.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. "దేవుడిచ్చిన పాలను గోలీలతోని ఎండవెడ్తవా? నా బిడ్డ మళ్ల సచ్చినట్టే గదనే!" అని గోలీల అట్టను పొయ్యిలో వేసింది. పాపకు డబ్బా పాలు పడదామంటే చెవిన పెట్టలేదు.

ఇప్పుడు అసలు మాట. నేను మళ్లీ వెళ్లి గోలీలు తెచ్చుకున్నాను. వారానికి రెండుసార్లు దొంగతనంగా మింగుతున్నాను. పాలు తగ్గిపోయాయి. పాప రొమ్ము పట్టి లాగి, ఏమీ రాక నా మొహంలోకి చూస్తుంది. ఆ చూపు నాకు ఓర్వతరం కావడం లేదు. ఇప్పుడు గత్యంతరం లేక డబ్బా పాలే పడుతున్నాం. తాగుతోంది, బాగానే ఉంది. కానీ నేనేదో పాపం చేశానని, అందుకే దేవుడు పాలు వెనక్కి తీసుకున్నాడని చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి.

మీరు చెబితే అత్తమ్మ వింటుంది. నాకు కళ్లు కావాలండీ. ఎట్లాగైనా చెప్పండి, తొందరగా చెప్పండి.

ఎందుకంటే అత్తమ్మ ఉపవాసం పట్టింది. గోడ పట్టుకుని నడుస్తోంది. రోజూ పొద్దున్నే నా తల మీద చెయ్యి పెట్టి, "ఈ బిడ్డకు పాలు మళ్ల ఇయ్యి తండ్రీ" అని ఏడుస్తుంది. నేను ఆమెన్ అంటున్నాను.

ఇట్లు,
మీ భార్య
ఎస్తేర్